బైత్ అంటే ఇల్లు

(మన సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





మాకంటే ముందు మాట్లాడిన పెద్దలు ఫీజుల లెక్క చెప్పారు, మందుల లెక్క చెప్పారు, కుట్టుమిషన్ల లెక్క చెప్పారు. మాకు అప్పగించిన అంశం కవిత్వ పరిభాష. షేర్, మత్లా, కాఫియా, ఉపమ, రూపకం లాంటి మాటల సంగతి. ఆకలి, చదువు, వైద్యం చూసుకునే సంస్థకు కవిత్వంతో పనేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. మీరిచ్చే ప్రతి రూపాయీ అమానత్. సాయంత్రం తరగతుల్లో పిల్లలకు తెలుగు, ఉర్దూ చెప్పే మేము ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసినవాళ్లమే. ఆ జవాబే ఈ ప్రసంగం.

ముందుగా ఒక మాట తీసుకుందాం. దీవాన్. ఒక కవి గజళ్లన్నీ కూర్చిన సంపుటిని దీవాన్ అంటారు. దీవానె గాలిబ్ పేరు మనలో చాలామంది విన్నదే. అయితే కవుల దగ్గరకు రాకముందు ఈ మాటకు అర్థం లెక్కల పట్టీ. రెండో ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి.) 634 నుంచి 644 వరకు పాలించారు. ఖజానా నుంచి ఎవరికి ఎంత భత్యం అందాలో పేరు పేరునా రాయించిన ఆ కాలపు పట్టీని దీవాన్ అన్నారు. తర్వాత ఆ పట్టీలు ఉండే కార్యాలయం దీవాన్ అయింది, ఆ కార్యాలయం నడిపే మంత్రి దీవాన్ అయ్యాడు. మన తెలుగులో జమీందారు కచేరీని దివాణం అన్నదీ ఈ మాటే. ఆ లెక్కన మన కార్యదర్శి గారి బీరువాలో ఉన్న వితంతువుల పింఛను రిజిస్టరు అసలు అర్థంలో ఒక దీవాన్. దానం పట్టీకి, కవిత్వ సంపుటికి ఒకే పేరు.

రెండో మాట బైత్. అరబ్బీలో బైత్ అంటే ఇల్లు. బైతుల్ మాల్ అంటే సొమ్ము ఉండే ఇల్లు. ఈ మాట మన సంస్థలో రోజూ వినబడుతుంది. రెండు పాదాల పద్యాన్ని కూడా బైత్ అనే అంటారు. ఉర్దూలో షేర్ అన్న మాట ఎక్కువ వాడతాం కానీ, పిల్లలు ఆడుకునే బైత్‌బాజీ ఆటలో ఆ పాత మాట ఇంకా బతికే ఉంది.

పద్యాన్ని ఇల్లు అని ఎందుకన్నారు? 8వ శతాబ్దంలో బస్రా నగరంలో ఖలీల్ బిన్ అహ్మద్ అనే పండితుడు ఉండేవారు. అరబ్బీలో మొట్టమొదటి నిఘంటువుగా పేరొందిన కితాబుల్ ఐన్ ఆయనదే. అరబ్బీ ఛందస్సును శాస్త్రంగా కూర్చినదీ ఆయనే. దాన్ని అరూజ్ అంటారు. ఆయన 15 బహర్లు, అంటే 15 వృత్తాలు గుర్తించారనీ, తర్వాత అఖ్ఫష్ మరొకటి చేర్చి 16 చేశాడనీ సంప్రదాయం చెబుతుంది. ఆ శాస్త్రంలోని చాలా పేర్లు ఎడారి గుడారం నుంచి వచ్చినవి. బైత్ అంటే గుడారం. అందులో ఒక్కో పాదం మిస్రా, అంటే రెండు రెక్కల తలుపులో ఒక రెక్క. రెండు రెక్కలూ కలిస్తేనే తలుపు మూసుకుంటుంది, రెండు మిస్రాలూ కలిస్తేనే షేర్ పూర్తవుతుంది. పాదంలోని గణం రుక్న్, అంటే స్తంభం. ఇస్లాంకు ఐదు అర్కాన్ అని పిల్లలకు నేర్పుతామే, ఆ అర్కాన్ దీని బహువచనమే. గణంలోని చిన్న ముక్కలకు సబబ్, వతద్ అని పేర్లు. ఒకటి గుడారపు తాడు, రెండోది నేలలో దిగేసే మేకు.

ఈ మాటలు చెప్పినప్పుడు మా తరగతిలో పిల్లల ముఖాలు మారతాయి. పరీక్ష కోసం బట్టీ పట్టే పరిభాష ఒక్కసారిగా కంటికి కనబడే వస్తువు అవుతుంది. తాడు, మేకు, స్తంభం, తలుపు తెలియని పిల్ల ఎవరుంటారు?

రెండు భాషలు, ఒకే తూనిక

మన ఇళ్లలో పిల్లల పరిస్థితి మీకు తెలియనిది కాదు. ఇంట్లో నానీ, దాదీ మాట్లాడేది దక్నీ. వీధిలో, బజారులో తెలుగు. బడిలో చాలామందికి ఇంగ్లీషు మీడియం. మస్జిద్‌లో అరబ్బీ అక్షరం. ఇన్ని భాషలు చెవిన పడే పిల్లకు నిజానికి పెద్ద ఆస్తి ఉన్నట్టు. కానీ ఆ ఆస్తి ముక్కలు ముక్కలుగా ఉంది. తెలుగు మాస్టారు లఘువు, గురువు అంటారు. ఉర్దూ ఉస్తాద్ ఫఊలున్, ఫాఇలున్ అంటారు. ఆ రెండూ ఒక్కటేనని చెప్పేవాళ్లు లేరు.

చెప్పడం కష్టం కాదు. తెలుగు గణాలకు 'యమాతారాజభానసలగం' అనే సూత్రం ఉంది. అందులో మొదటి మూడక్షరాలు 'యమాతా'. ఒక లఘువు, రెండు గురువులు. అది య గణం. ఉర్దూలో 'ఫఊలున్' పలకండి. ఫ, ఊ, లున్. ఒక లఘువు, రెండు గురువులు. అదే య గణం. తెలుగు, సంస్కృతాల్లో నాలుగు య గణాలతో నడిచే వృత్తం భుజంగప్రయాతం. ఉర్దూ, ఫార్సీల్లో నాలుగు ఫఊలున్‌లతో నడిచేది ముతకారిబ్ బహర్. ఫిర్దౌసీ షాహ్‌నామా అంతా ఈ బహర్‌లోనే నడుస్తుంది, చివరి గణంలో మాత్రం ఒక గురువు తగ్గుతుంది. అలాగే 'రాజభా' అంటే ర గణం, ఉర్దూలో 'ఫాఇలున్'. నాలుగు ర గణాలైతే మనకు స్రగ్విణి, వాళ్లకు ముతదారిక్.

ఆ ఫిర్దౌసీ జీవితాన్నే గుర్రం జాషువా గారు 'పిరదౌసి' పేరుతో 1932లో తెలుగు కావ్యం చేశారు. తెలుగు మీడియంలో చదివే మన పిల్లలకు ఫిర్దౌసీ దగ్గరకు వెళ్లడానికి ఆ దారి కూడా ఉంది.

రెండు సంప్రదాయాలకూ ఒక తేడా ఉంది, అదీ చెప్పాలి. తెలుగు పద్యంలో ప్రాస పాదం మొదట్లో ఉంటుంది. ఉత్పలమాల, చంపకమాల, కందం లాంటి పద్యాల్లో ప్రతి పాదంలోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి. ఉర్దూలో ప్రాస పాదం చివర ఉంటుంది. తెలుగు కవి గుమ్మంలోనే తోరణం కడతాడు, ఉర్దూ కవి వీడ్కోలు దగ్గర అత్తరు పూస్తాడు.

గజల్ ఇంట్లోని గదులు

గజల్‌లోని మాటలు చెప్పడానికి ఒక ఉదాహరణ కావాలి. పెద్ద కవుల జోలికి పోకుండా, మా తరగతిలో పిల్లలతో కలిసి కట్టుకున్న నాలుగు తెలుగు ముక్కలే చదువుతాం. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

ఆకలి వేళల అడుగక ముందే అందిన మాటే చాలు
చీకటి దారిన చిరు చిరు దీపం చూపిన బాటే చాలు

కోటలు కట్టిన రాజుల పేర్లను గాలే తుడిచెను నేడు
ఏడ్చే పాపను నిద్దుర పుచ్చే అమ్మది పాటే చాలు

ఖాదిం! నీకై రాతిన చెక్కిన పేరే వద్దని చెప్పు
నాటిన చెట్టుల నీడన పిల్లలు ఆడే ఆటే చాలు

ఇందులో చివర మారకుండా వచ్చే మాట 'చాలు'. దాన్ని రదీఫ్ అంటారు. రదీఫ్ అంటే ఒకే గుర్రం మీద వెనక కూర్చుని వచ్చేవాడు. దానికి ముందు మాటే, బాటే, పాటే, ఆటే అని ప్రాస కలుస్తూ మారే మాట కాఫియా. గుర్రాన్ని నడిపేది కాఫియా, వెనక కూర్చునేది రదీఫ్. రెండో షేర్‌లో ఒక అబ్బాయి 'పూటే చాలు' అని పెడదామన్నాడు. అర్థం బాగానే కుదిరింది, కానీ ఆట అనే ధ్వని లేదు గనుక కాఫియా చెడుతుంది. అర్థం బాగుందని తూకం తప్పకూడదని వాడికి అక్కడ తెలిసింది. తక్కెడ పట్టే వ్యాపారులు ఈ సభలో చాలామంది ఉన్నారు, మీకు వేరే చెప్పనక్కర్లేదు.

రెండు పాదాల్లోనూ కాఫియా, రదీఫ్ కలిసిన మొదటి షేర్ మత్లా. సూర్యుడు ఉదయించే చోటును కూడా మత్లా అనే అంటారు. కవి పేరు వచ్చే చివరి షేర్ మక్తా, అంటే కోసి ముగించే చోటు. తెలంగాణ పాత భూమి లెక్కల్లో మక్తా, మక్తేదారు అని వినే ఉంటారు. అవీ ఆ కోత అనే ధాతువు నుంచి పుట్టిన మాటలే. మక్తాలో కవి పెట్టుకునే కలంపేరు తఖల్లుస్. మా ముక్కల్లో 'ఖాదిం' అని పెట్టాం, సేవకుడని అర్థం. రాతి మీద పేరు వద్దని ఆ ఖాదిం అన్నాడు గానీ, దాతల పేర్లు ఈ సంచికలో అచ్చు వేయవద్దని మేము అనడం లేదు.

గజల్‌లో ఇంకొక విశేషం. ఏ షేర్‌కు ఆ షేర్ విడి ఇల్లు. ఒకటి ప్రేమ గురించి, ఒకటి మరణం గురించి, ఒకటి దైవం గురించి ఉండవచ్చు. కాఫియా, రదీఫ్, బహర్ మాత్రం అన్నిటికీ ఒకటే. ఒకే వీధిలో వేరు వేరు గుమ్మాలున్న ఇళ్ల లాగా. నాలుగు పాదాల పద్యం రుబాయి, అరబ్బీలో నాలుగు అనే మాట నుంచి వచ్చింది. ఆరేసి పాదాల బంధాలతో నడిచేది ముసద్దస్. 1879లో హాలీ రాసిన ముసద్దస్ అలాంటిదే. అల్లాహ్ స్తుతి హమ్ద్, ప్రవక్త (స) స్తుతి నాత్, శోకగీతం మర్సియా, కథాకావ్యం మస్నవీ.

ముషాయిరా మర్యాదలు కూడా మన పిల్లలకు తెలియాలి. ఇర్షాద్ అంటే సెలవివ్వండి అని, ముకర్రర్ అంటే మళ్లీ చదవండి అని. మెచ్చుకోలు దాద్. కొన్ని సభల్లో ముందే ఒక పాదం ఇచ్చి, ఆ బహర్, ఆ కాఫియా, ఆ రదీఫ్‌లలోనే గజల్ రాయమంటారు. అది తరహీ ముషాయిరా. ఇచ్చిన పాదానికి సొంత పాదం జోడించడాన్ని గిరహ్, అంటే ముడి వేయడం అంటారు. తెలుగు అవధానంలో సమస్యాపూరణం చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు.

అలంకారాలు: ఒకే నగకు రెండు పేర్లు

ఇప్పుడు అలంకారాల దగ్గరకు వద్దాం. పదో తరగతి తెలుగులో అలంకారాలు ఉన్నాయి. మన పిల్లలు వాటి లక్షణాలు బట్టీ పడతారు, పరీక్ష రాస్తారు, మరచిపోతారు. ఉర్దూ చదివేవాళ్లు సనాయె బదాయె అని మళ్లీ వేరేగా బట్టీ పడతారు. పక్కపక్కన పెట్టి చూడండి.

ఉపమకు ఉర్దూలో తష్బీహ్. 'అమ్మ మాట తేనెలా తియ్యన' అన్నామనుకోండి. తెలుగు శాస్త్రం ఇందులో నాలుగు భాగాలు చెబుతుంది. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. ఉర్దూ శాస్త్రం కూడా ఈ నాలుగూ చెబుతుంది. ముషబ్బహ్, ముషబ్బహ్ బిహీ, వజ్హె షబహ్, హర్ఫె తష్బీహ్. అమ్మ మాట, తేనె, తియ్యదనం, 'లా'. ఒక్కసారి అర్థమైతే రెండు పేపర్లకు సరిపోతుంది.

రూపకానికి దగ్గరగా ఉండేది ఇస్తిఆరా. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే ఉపమేయాన్ని తీసేసి ఉపమానం ఒక్కటే మిగిల్చే రూపకాతిశయోక్తి దీనికి సరిజోడు. 'సింహం వచ్చింది' అని, వచ్చిన వీరుడి పేరు చెప్పకుండా ఊరుకోవడం. ఇస్తిఆరా అంటే అరువు అడగడం. ఫిక్హ్‌లో ఆరియత్ అనే ఏర్పాటు ఉంది. వస్తువును ప్రతిఫలం లేకుండా వాడుకోవడానికి ఇచ్చి, పని అయ్యాక తిరిగి తీసుకోవడం. మాట కూడా అంతే. సింహం తన పేరు కాసేపు వీరుడికి అరువిచ్చింది. పెళ్లికి పక్కింటి నగ అరువు తెచ్చుకున్న ఇల్లాలికి ఈ అలంకారం ఎవరూ నేర్పనక్కర్లేదు.

అతిశయోక్తికి ముబాలిఘా. పాత పండితులు ఇందులో మూడు మెట్లు చెప్పారు. బుద్ధికీ లోకానుభవానికీ రెండిటికీ కుదిరేది తబ్లీగ్: 'రాత్రంతా మేలుకుని చదివాడు.' బుద్ధికి కుదిరినా లోకంలో జరగనిది ఇగ్రాక్: 'ఏడాదంతా కన్ను మూయకుండా చదివాడు.' రెండిటికీ కుదరనిది గులూ: 'వాడు చదివిన దీపం వేడికి సూర్యుడు కరిగాడు.' పద్యంలో మూడోది కూడా అందమే. కానీ ఫోనులోకి వచ్చే సందేశంలో, ఎన్నికల ఉపన్యాసంలో, లాభాల ఆశ చూపే ప్రకటనలో అది వస్తే ప్రమాదం. ఈ మూడు మెట్లూ నేర్పాక మేము పిల్లల చేత ఫోన్లలో వచ్చిన సందేశాలు చదివించాం. ఏది తబ్లీగ్, ఏది గులూ అని వాళ్లే వేరు చేశారు. ఒక పుకారుకు ఒక వీధి ఎంత మూల్యం చెల్లిస్తుందో మనకు తెలుసు. డబ్బు రెట్టింపు చేస్తామన్న మాట నమ్మి పెళ్లి కోసం దాచిన సొమ్ము పోగొట్టుకున్న కుటుంబాలు మన సహాయం కోసం ఈ గుమ్మం దగ్గరకు వస్తూనే ఉన్నాయి. మాటను తూచడం నేర్పితే ఆ దరఖాస్తుల్లో కొన్నయినా తగ్గుతాయని మా నమ్మకం.

ఒక పనికి అసలు కారణం వదిలి అందమైన కారణం కల్పించడం హుస్నె తాలీల్. తెలుగులో హేతూత్ప్రేక్ష. 'మూసీ ఎండింది వానలు లేక కాదు, 1908 వరదలో తాను చేసిన పనికి సిగ్గుపడి' అంటే హుస్నె తాలీల్. తెలిసీ తెలియనట్టు అడగడం తజాహులె ఆరిఫానా, మన సందేహాలంకారానికి చుట్టం. 'అది ఈద్ నెలవంకా, ఆకాశం మీద పడ్డ గోటి గీతా?' ఒక మాటకు రెండర్థాలు పెట్టి దూరపు అర్థాన్ని ఉద్దేశించడం ఈహామ్, తెలుగులో శ్లేషకు దగ్గర. 'కొత్త సర్కారు వచ్చాక ఊళ్లో అందరికీ పన్ను నొప్పే' అంటే పిల్లలు వెంటనే నవ్వుతారు. నవ్వారంటే అలంకారం అర్థమైనట్టే. కొన్ని వస్తువులు వరసగా చెప్పి, వాటి పనులు అదే వరసలో చెప్పడం లఫ్ఫొ నష్ర్, తెలుగులో క్రమాలంకారం. 'కన్ను, చెవి, చెయ్యి. చూసింది, విన్నది, ఇచ్చింది.' లఫ్ఫ్ అంటే మడత పెట్టడం, నష్ర్ అంటే పరచడం. బట్టల దుకాణంలో తాను విప్పి పరిచే పనే.

ఈ పాఠం చెబుతుండగా ఏడో తరగతి అమ్మాయి ఒకరు అడిగింది: 'అయితే మా నానీ రోజూ తిట్టేవన్నీ అలంకారాలేనా?' అవునమ్మా, చాలావరకు అవే, అన్నాం. మర్నాడు ఆ పిల్ల నానీ మాటలు ఒక కాగితం నిండా రాసుకొచ్చింది. వాటిలో తష్బీహ్ ఉంది, ముబాలిఘా ఉంది, మేము ఎన్నడూ వినని దక్నీ సామెతలు ఉన్నాయి. అంతకుముందు నానీ మాటలు చదువు లేని మాటలని ఆ ఇంట్లో చిన్నవాళ్లు అనుకునేవారట. ఇప్పుడు నానీ దగ్గర కూర్చుని రాసుకుంటున్నారు.

ముందుగా పోయేది తల్మీహ్

అన్ని అలంకారాల్లో మాకు దిగులు పుట్టించేది ఒకటుంది. దాని పేరు తల్మీహ్. ఒక్క పేరుతో, ఒక్క మాటతో పాత కథ మొత్తాన్ని గుర్తు చేయడం. యూసుఫ్ (అలై.) పడిన బావి, అయ్యూబ్ (అలై.) సహనం, మూసా (అలై.) చేతికర్ర, ఫర్హాద్ తవ్విన కొండ, హాతిం తాయ్ దానం. తెలుగులో భగీరథ ప్రయత్నం, కర్ణుడి దానం, హరిశ్చంద్రుడి మాట. కవి కథ చెప్పడు, పేరు మాత్రం తలుస్తాడు. కథ తెలిసినవాడికి గుండె తడుస్తుంది, తెలియనివాడికి అది ఉత్త మాటగా మిగిలిపోతుంది.

ఉపమ తెలియకపోయినా మనిషి ఉపమలతో మాట్లాడగలడు. తల్మీహ్ అలా రాదు. ఒక తరం కథ చెప్పడం మానేస్తే తర్వాతి తరంలో అది చచ్చిపోతుంది. మన పిల్లల్లో చాలామందికి ఉర్దూ లిపి రాదు. దాదా చనిపోయాక ఆయన నోటుబుక్కులు, ఆయన చేత్తో రాసుకున్న నాత్‌లు, షేర్లు పాత కాగితాలు కొనేవాడి తక్కెడలోకి పోతున్నాయి. తెలుగు కథల తల్మీహ్‌లు బడిలో కొంత వస్తాయి. మన ఇంటి కథల తల్మీహ్‌లు చెప్పే బడి ఏదీ?

ఈ రెండు సంపదలూ ఒకే ఇంట ఉండడం మన గడ్డ మీద కొత్త కాదు. గోల్కొండను 1550 నుంచి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చారు. అచ్చ తెలుగు కావ్యమని పేరొందిన పొన్నికంటి తెలగనార్యుని యయాతి చరిత్రను అంకితం పుచ్చుకున్నది అమీన్ ఖాన్. ఇబ్రహీం కుమారుడు మహమ్మద్ కులీ కుతుబ్ షా దక్నీలో దీవాన్ ఉన్న కవి. అదే గోల్కొండలో వజ్హీ 1635లో రాసిన సబ్ రస్‌లో పాత్రల పేర్లే దిల్, హుస్న్, అక్ల్, ఇష్క్. మనసు, అందం, బుద్ధి, ప్రేమ మనుషులై నడుస్తాయి. దాన్ని తమ్సీల్ అంటారు.

పిఠాపురంలో ఉమర్ ఆలీషా గారు (1885-1945) తెలుగు పద్యంలో గట్టి చెయ్యి అనిపించుకున్నారు. దాశరథి గారు గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చి, తెలుగులో గజల్‌కు బాట వేశారు. సి. నారాయణరెడ్డి గారు ఉర్దూ మీడియంలో చదువుకున్నవారు. ఆయన తెలుగు గజళ్లు ఊరూరా పాడారు. ఉర్దూ బడిలో చదివిన తెలుగు కవి అంత పైకి వెళ్లగలిగినప్పుడు, తెలుగు బడిలో చదివే మన పిల్లలు తమ ఇంటి కవిత్వానికి ఎందుకు దూరం కావాలి?

మా విన్నపం

దాతలారా, మేము అడుగుతున్నది పెద్దదేమీ కాదు.

మొదటిది, వారానికి ఒక గంట. సాయంత్రం తరగతుల్లో లెక్కలకు, సైన్సుకు ఇచ్చిన సమయం తగ్గించకుండా ఒక గంట అదనంగా, తెలుగు, ఉర్దూ కలిపి మాట విలువ చెప్పే తరగతికి. అందుకు ఒక ఉపాధ్యాయుడి గౌరవవేతనం, కొన్ని పుస్తకాలు కావాలి. ఇందులో జకాత్ సొమ్ము ఒక్క పైసా వాడవద్దని మేమే కోరుతున్నాం. జకాత్ ఎవరి హక్కో ముందే నిర్ణయమై ఉంది, ఆకలిగొన్నవాడి వాటా అక్షరానికి మళ్లకూడదు. సాధారణ విరాళాల నుంచి, అదీ దాత సమ్మతితోనే ఇది జరగాలి.

రెండోది డబ్బుతో పని లేనిది. మీ ఇంట్లో పెద్దల చేతిరాత నోటుబుక్కులు, పాత గుల్దస్తాలు, పెళ్లి సెహ్రాలు ఉంటే పారేయకండి. ఒక్కసారి మా దగ్గరకు తీసుకురండి. లిపి చదవగలిగిన పెద్దలు పిల్లలకు చదివి వినిపిస్తారు, పిల్లలు తెలుగు అక్షరాల్లో రాసుకుంటారు. అసలు పుస్తకం భద్రంగా మీ ఇంటికే తిరిగి వస్తుంది. ఇదీ ఒక ఆరియతే.

మూడోది మీ సమయం. ఈ సభలో కనీసం కొందరికైనా వందల కొద్దీ షేర్లు కంఠస్థం అని మాకు తెలుసు. దుకాణం మూసి ఇంటికి వెళ్లే దారిలో ఒక్క సాయంత్రం మా తరగతిలో కూర్చోండి. ఒక తల్మీహ్ వెనకున్న కథ చెప్పండి. పిల్ల తాను కట్టిన వంకర షేర్ చదివితే దాద్ ఇవ్వండి. మంచి మాట కూడా సదకాయేనని చిన్నప్పటి నుంచి వింటున్నాం కదా.

మీరు కట్టిన ఫీజుతో పిల్లలు బడికి చేరుతున్నారు. పుస్తకాలు కొనిచ్చారు, కళ్లజోళ్లు ఇప్పించారు. ఆ కళ్లతో చదివింది అర్థం చేసుకోవడం, విన్నదాన్ని తూచడం, ఇంటి పెద్దల మాటకు విలువ కట్టడం కూడా చదువులో భాగమేనని మా అనుభవం చెబుతోంది. ఈ పని మీ ముందు పెట్టాం. నిర్ణయం మీది.

అల్లాహ్ మీ సంపాదనలో, మీ సంతానంలో బర్కత్ ప్రసాదించుగాక.